హైవే ఎక్కితే హైబ్రిడ్ మైలేజీ ఎందుకు దిగుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైబ్రిడ్ ఎస్‌యూవీల గురించే, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉన్న బండ్ల గురించి. మోటారు ఒంటరిగా కూడా బండిని నడపగలిగితే దాన్ని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. అవి కూడా నెల్లూరు, ఒంగోలు నుంచి చెన్నైకో విజయవాడకో హైదరాబాదుకో తరచూ వెళ్లొచ్చేవాళ్లవి. ఒకే సందేహం ఉన్నవి కలిపి జవాబులు ఇస్తున్నాం. లెక్కల కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 97 రూపాయలు అనుకున్నాం. మీ బంకులో రేటు వేరైతే ఆ అంకె మార్చి చూసుకోండి.

ప్రశ్న (కావలి): మాది మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్. కంపెనీ లీటరుకు 27.97 కిలోమీటర్లు అని రాసింది. ఊళ్లో తిరిగితే 23, 24 వస్తోంది. విజయవాడ వెళ్లొస్తే మాత్రం 19 దాటడం లేదు. హైవే మీద పెరగాల్సింది పోయి తగ్గడమేమిటి? షోరూమ్‌లో అడిగితే ‘అంతేనండీ’ అంటున్నారు. బండిలో ఏదైనా లోపమా?

జవాబు: లోపం లేదండీ. షోరూమ్ వాళ్లు ‘అంతే’ అని వదిలేయకుండా కారణం చెప్పి ఉంటే మీకీ దిగులు ఉండేది కాదు.

మామూలు పెట్రోలు బండి ఊళ్లో రెండు చోట్ల నష్టపోతుంది. సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగా ఇంజిన్ ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ బండి వేగమంతా డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైవే ఎక్కగానే ఈ రెండూ తప్పిపోతాయి కాబట్టి దాని మైలేజీ పెరుగుతుంది. హైబ్రిడ్‌లో ఈ రెండు నష్టాలనూ ఊళ్లోనే చాలావరకు ఆపేశారు. ఆగితే ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేకు వేస్తే మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది. కాబట్టి హైవే ఎక్కాక దానికి కొత్తగా కలిసొచ్చేది ఉండదు. మిగిలేది గాలి ఒక్కటే, అది బ్యాటరీని చూసి జాలిపడదు.

గాలి అడ్డు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. నలుగురు మనుషులు, సామానుతో 1,600 కిలోలుండే మీ సైజు ఎస్‌యూవీని తీసుకుంటే లెక్క సుమారుగా ఇలా వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర గాలి మీ బండిని 26 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. 100 దగ్గర అది 41 కిలోలు. 120 దగ్గర 59. టైర్లు రోడ్డు మీద దొర్లడానికి పట్టే బలం మాత్రం ఏ వేగంలోనైనా ఇంచుమించు 16 కిలోలే. రెండూ కలిపితే 42, 57, 75. అంటే 80 నుంచి 100కి వెళ్తే ప్రతి కిలోమీటరుకూ మూడో వంతుకు పైగా ఎక్కువ శ్రమ, 100 నుంచి 120కి వెళ్తే మళ్లీ దాదాపు మూడో వంతు. ఎక్కువ శ్రమ పడేటప్పుడు ఇంజిన్ సామర్థ్యం కొంత మెరుగవుతుంది కాబట్టి మైలేజీ సరిగ్గా అంతే పడిపోదు. 80లో 24 ఇచ్చే బండి 100లో 19, 20కి దిగితే అది ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇక కంపెనీ అంకె సంగతి. అది పరీక్షశాలలో, రోలర్ల మీద, ఏసీ ఆపేసి తీసిన అంకె. ఆ పరీక్ష మొత్తం దూరం 10.6 కిలోమీటర్లు. అందులో ఎక్కువసేపు ఊళ్లో నడిపినట్టు ఆగుతూ సాగుతూ ఉంటుంది, చివర్లో కాసేపు వేగం పెంచుతారు. ఆ వేగం కూడా గరిష్ఠంగా 90. హైబ్రిడ్ బాగా రాణించే పద్ధతి అదే. కావలి ఊళ్లో మీకు వచ్చే 23, 24ని ఆ అంకెతో పోల్చుకోవచ్చు గానీ, 100 మీద నిలకడగా నడిపిన ప్రయాణాన్ని పోల్చలేం.

కావలి నుంచి విజయవాడకు సుమారు 220 కిలోమీటర్లు. 80తో వెళ్తే 2 గంటల 45 నిమిషాలు, 100తో అయితే 2 గంటల 12 నిమిషాలు. తేడా 33 నిమిషాలు. పెట్రోలు 9.2 లీటర్లకు బదులు 11.6 లీటర్లు ఖర్చవుతుంది. ఆ అరగంట ఖరీదు సుమారు 260 రూపాయలన్నమాట. ఎన్‌హెచ్ 16 మీద 88–92 మధ్య పట్టి నడపండి, 21 నుంచి 22 వస్తుంది. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు చట్టం ఇచ్చిన పరిమితి ఎలాగూ 100. దాన్ని దాటించి మైలేజీ గురించి బండిని నిలదీయడం న్యాయం కాదు.

ప్రశ్న (ఒంగోలు): హైవే మీద డ్యాష్‌బోర్డులో ఈవీ లైటు (బండి బ్యాటరీ మీదే నడుస్తోందని చూపేది) అరుదుగా వెలుగుతోంది. బ్యాటరీ దెబ్బతిన్నదా? టోల్‌గేట్ల దగ్గర గట్టిగా బ్రేకు వేస్తే ఎక్కువ ఛార్జవుతుందని ఒకరు చెప్పారు, నిజమేనా?

జవాబు: బ్యాటరీ బాగానే ఉంది. గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లు, అంటే ఇంట్లో కరెంటు మీటరు లెక్కలో ముక్కాలు యూనిట్. ఎక్కువ కాలం మన్నాలని కంప్యూటరు దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా దించదు. వాడుకోనిచ్చేది అందులో సగం లోపే. 100 కిలోమీటర్ల వేగంలో నిలకడగా వెళ్లడానికే 15 కిలోవాట్లు కావాలి. ఆ కాస్త కరెంటు నిమిషం, నిమిషంన్నర కంటే రాదు. అందుకే హైవే మీద ఇంజిన్ నడవడమే సహజం.

టోల్‌గేటు లెక్క కూడా వేద్దాం. 1,600 కిలోల బండి 100 వేగంలో ఉన్నప్పుడు దానిలో దాగి ఉన్న శక్తి 0.17 యూనిట్. మెల్లగా ఆపితే అందులో 0.1 యూనిట్ దాకా బ్యాటరీకి చేరుతుంది. అదే కరెంటును ఇంజిన్‌తో తయారు చేయాలంటే 30 నుంచి 35 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. నాలుగు రూపాయలైనా కాదు. నెల్లూరు నుంచి చిలకలూరిపేట దాకా ముసునూరు, టంగుటూరు, బొల్లాపల్లి మూడు టోల్‌గేట్లలోనూ ఆపినా పది, పన్నెండు రూపాయలే వెనక్కి వస్తాయి. ఊళ్లో గంట తిరిగితే అలా పదులసార్లు ఆగాల్సి వస్తుంది కాబట్టే అక్కడ హైబ్రిడ్ అంత బాగుంటుంది.

గట్టిగా బ్రేకు వేయమని చెప్పినవారి మాట వినకండి. మోటారు వెనక్కి తీసుకోగల శక్తికి హద్దుంది. పెడల్ ఆ హద్దు దాటి తొక్కితే మిగతాదంతా మామూలు డిస్కులకే పోతుంది. టోల్‌గేటు బోర్డు కనపడగానే, అర కిలోమీటరు ముందే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. తర్వాత పెడల్ మీద పాదం ఆనించీ ఆనించనట్టు పెట్టి బండిని తగ్గించుకుంటూ రండి. తెర మీద ఛార్జ్ గుర్తు చివరిదాకా పోకుండా మధ్యలో నిలిస్తే మీరు సరిగ్గా ఆపుతున్నట్టు.

ప్రశ్న (నెల్లూరు): డ్యాష్‌బోర్డు తెర 22.5 అంటుంది. బంకులో పోయించిన లీటర్లతో లెక్కేస్తే 20.8 వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: బంకు లెక్కనే నమ్మండి, కాకపోతే అది సరైన పద్ధతిలో తీయాలి. తెర మీది అంకె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న దాన్ని బట్టి కంప్యూటరు కట్టిన అంచనా. అది కాస్త ఎక్కువ చూపడం చాలా బండ్లలో ఉన్నదే. మీరు చెప్పిన తేడా ఎనిమిది శాతం, ఆశ్చర్యపోయేంత ఏమీ లేదు.

పద్ధతి ఇది. పొద్దున్నే బయల్దేరే ముందు ఒక బంకులో పోయించండి. నాజిల్ మొదటిసారి దానంతటదే ‘టక్’మని ఆగిన చోటే ఆపించండి. ఆ తర్వాత రూపాయలు సరిచేయడానికి ఇంకొంచెం పిండించుకోవద్దు. లెక్క చెడేది అక్కడే. ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చుకోండి. కనీసం 300 కిలోమీటర్లు, వీలైతే ట్యాంకులో మూడు వంతులు ఖర్చయ్యేదాకా నడపండి. తిరిగి అదే బంకులో, అదే పంపు దగ్గర, బండిని అదే దిక్కుగా నిలిపి మొదటి కట్ దాకా పోయించండి. కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. నాజిల్ ఒక అర లీటరు అటూ ఇటూ ఆగడం మామూలే. అందుకే 5 లీటర్లకు తీసిన లెక్కలో పది శాతం తప్పు రావచ్చు, 30 లీటర్లకు తీస్తే అది రెండు శాతానికి మించదు. ఒక్కసారికి తీర్పు చెప్పకుండా వరుసగా మూడు ట్యాంకులు చూసి సగటు తీయండి.

వెళ్లేటప్పటి లెక్క, వచ్చేటప్పటి లెక్క విడివిడిగా చూసి కంగారుపడకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు ఉంటాయి. నెల్లూరు నుంచి ఒంగోలు వైపు వెళ్తే ఆ గాలి ఎదురు తగులుతుంది, తిరుగు ప్రయాణంలో తోస్తుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 80లో వెళ్తున్న బండికి గాలి అడ్డు 100లో వెళ్తున్నట్టే తగులుతుంది. కాబట్టి రానుపోను రెండూ కలిపి లెక్కేయడమే సరైనది.

ప్రశ్న (గూడూరు): రోహిణి కార్తె ఎండల్లో చెన్నై వెళ్లాలంటే ఏసీ లేకుండా కుదరదు. అద్దాలు దించి వెళ్తే పెట్రోలు మిగులుతుందా?

జవాబు: హైవే మీద మిగలదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ బెల్టుతో కాకుండా కరెంటుతో తిరుగుతుంది. మండుటెండలో బండి లోపల చల్లబడ్డాక అది తీసుకునేది ఒక కిలోవాటు చుట్టుపక్కల ఉంటుంది. 90 వేగంలో బండి నడవడానికి 12 కిలోవాట్లు కావాలి కాబట్టి ఏసీ వాటా 8, 10 శాతం. అద్దాలు నాలుగూ దించితే గాలి అడ్డు పెరిగి ఆ లాభాన్ని తినేస్తుంది, పైగా వడగాలి మీ ముఖాన కొడుతుంది.

అసలు ఖర్చు మొదటి పది నిమిషాల్లో ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే నాలుగు తలుపులూ తీసి ఒక నిమిషం వేడి పోనివ్వండి. కదిలాక మొదటి అర కిలోమీటరు వెనక అద్దాలు కొద్దిగా దించి ఉంచండి. తర్వాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి 24, 25 డిగ్రీలకు పెట్టండి. 18 పెడితే చల్లదనం త్వరగా రాదు, కంప్రెసర్ ఎక్కువసేపు గట్టిగా పనిచేస్తుందంతే.

ఆగి ఉన్నప్పుడు కథ వేరు. సూళ్లూరుపేట దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి ఏసీ వేసుకుని కూర్చుంటే బ్యాటరీ దిగిపోయి కొన్ని నిమిషాలకొకసారి ఇంజిన్ లేస్తుంది, నింపి మళ్లీ ఆగుతుంది. భయపడకండి, రెడీ లైటు (బండి నడవడానికి సిద్ధంగా ఉందని చూపేది) ఆరిపోయేలా బండిని ఆపేయకండి.

ప్రశ్న (మార్కాపురం): దోర్నాల మీదుగా శ్రీశైలం తరచూ వెళ్తాం. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు అసలు ఖర్చు కాదు గదా? కొంత దూరం దిగాక ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా అరుస్తోంది, అదెందుకు?

జవాబు: న్యూట్రల్‌లో ఘాట్ దిగడం ఏ బండిలోనూ చేయకూడని పని, హైబ్రిడ్‌లో అయితే అది నష్టం కూడా. ఎన్‌లో పెడితే మోటారు బ్యాటరీకి ఛార్జ్ ఇవ్వదు. మీకు ఉచితంగా రావాల్సిన కరెంటు పోతుంది, బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డిలో ఉంచి కాలు తీసేసినా ఇంజిన్‌కు పెట్రోలు ఆగిపోతుంది. కాబట్టి న్యూట్రల్ వల్ల మిగిలేది సున్న.

రెండో సందేహానికి జవాబు బ్యాటరీ పరిమాణంలో ఉంది. మనుషులతో 1,800 కిలోల బండి 400 మీటర్ల ఎత్తు దిగితే రెండు యూనిట్ల శక్తి విడుదలవుతుంది. మీ బ్యాటరీలో వాడుకోదగ్గ చోటు దాని ఆరో వంతు కూడా లేదు. సుమారు 120 మీటర్ల ఎత్తు దిగేసరికే అది నిండిపోతుంది. అప్పుడు మిగతా శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి కాబట్టి కంప్యూటరు పెట్రోలు పోయకుండానే ఇంజిన్‌ను వేగంగా తిప్పించి దాన్నే బ్రేకుగా వాడుతుంది. మీకు వినపడే అరుపు అదే. బండికేమీ కాదు.

దిగడం మొదలుపెట్టే ముందే గేరును బీ స్థానానికి లాగండి. బీ అంటే ఇంజిన్ బ్రేకింగ్. పొడవాటి దిగుడులో అది డిస్కులు వేడెక్కకుండా కాపాడుతుంది. వంపులో మాత్రం పెడల్ వాడండి, కాలు దాని మీదే పెట్టి దిగకండి. కిందికి రాగానే మళ్లీ డికి మార్చడం మరవద్దు. చదును రోడ్డు మీద బీలో నడిపితే కాలు తీసిన ప్రతిసారీ బండి అనవసరంగా తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. ‘బీ అంటే బ్యాటరీ, అందులో పెడితే ఎక్కువ ఛార్జవుతుంది’ అన్న మాట చాలామంది నోట వినపడుతోంది. అది నిజం కాదు.

ఎక్కేటప్పుడు మైలేజీ 10, 12 చూపిస్తే బాధపడకండి. ఎక్కిన ఎత్తుకు ఖర్చయిన శక్తిలో కొంత మాత్రమే తిరిగి వస్తుంది. ఘాట్ రోడ్డు మీద హైబ్రిడ్ ఇచ్చే లాభం పరిమితమే.

ప్రశ్న (కందుకూరు): ఏడుగురం ఇన్నోవా హైక్రాస్‌లో తిరుపతి వెళ్తుంటాం. సామాను పైన క్యారియర్ మీద కడతాం. బరువు వల్లే మైలేజీ పోతోందా?

జవాబు: బరువు కంటే క్యారియరే ఎక్కువ తింటోంది. చదును హైవే మీద 100 కిలోల అదనపు బరువు టైర్ల మీద పెంచే భారం ఒక్క కిలో బలం మాత్రమే, అంటే రెండు శాతం లోపు. అదే పైన సూటుకేసులు పేర్చి పట్టా కప్పితే గాలి అడ్డు పావు వంతు పెరగడం మామూలే. 100 వేగంలో 20 ఇచ్చే బండి 17కి దిగుతుంది.

మూడో వరుస వాడుతున్నారు కాబట్టి డిక్కీలో చోటు తక్కువే, నిజమే. మెత్తటి సంచులు సర్దుకుంటే కాళ్ల దగ్గర, సీట్ల కింద చాలావరకు పడతాయి. అయితే ముందు సీట్ల కింద బ్యాటరీ ఉంటుంది, దానికి గాలి వెళ్లే జాలీలకు సంచులు అడ్డు పెట్టవద్దు. పైన కట్టక తప్పదంటే సామాను ఎత్తుగా కాకుండా పరిచినట్టు కట్టండి, పట్టా గాలికి కొట్టుకోకుండా బిగించండి, 80 దాటకండి. తిరిగొచ్చిన రోజే క్యారియర్ విప్పేయండి. ఖాళీ క్యారియర్ కూడా ఏడాదంతా పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

ప్రశ్న (సింగరాయకొండ): టైర్లలో గాలి ఎంత పెట్టాలి? నైట్రోజన్ మంచిదా?

జవాబు: డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో ఉన్నదే పెట్టండి. ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటే దూర ప్రయాణానికి అది వర్తిస్తుంది. చూసుకోవాల్సింది బండి మూడు గంటలైనా నిలబడి ఉన్నాక, పొద్దున్నే. టైరు 10 డిగ్రీలు వేడెక్కితే గాలి ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. 33 పెట్టిన టైరు మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపడం సహజం. దాన్ని చూసి గాలి తీయించారంటే మర్నాడు పొద్దున టైరు 28కి వస్తుంది. గాలి తగ్గిన టైరుతో పోయే మైలేజీ రెండు శాతమే కావచ్చు గానీ అది పక్కలు వంగి వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. మే నెలలో హైవే పక్కన చీలికలైన టైర్లు చూస్తూనే ఉంటాం. నైట్రోజన్ నింపినా మామూలు గాలి నింపినా మైలేజీలో తేడా ఉండదు, నెలకోసారి చూసుకోవడమే ముఖ్యం.

ప్రశ్న (కోవూరు): ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందంటున్నారు. హైబ్రిడ్‌కు కూడా అంతేనా?

జవాబు: అంతే. లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. 20 శాతం కలిపితే లీటరుకు 29.8. అంటే ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే 7 శాతం, 10 శాతం కలిపిన పాత పెట్రోలుతో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ. ఇంజిన్‌ను దీనికి తగ్గట్టు సరిచేసి ఉంటే అందులో కొంత తిరిగి రాబట్టవచ్చు. పాత బండి 20.8 ఇచ్చేది 20 ఇస్తే కారణం ఇదే అనుకోవచ్చు. 16 ఇస్తే మాత్రం ఇథనాల్ మీద నెట్టేయకండి, వేరే తప్పు వెతకండి.

ప్రశ్న (పొదిలి): మూడేళ్ల హైరైడర్ హైబ్రిడ్. ఆరు నెలలుగా మైలేజీ మెల్లగా దిగుతోంది. వార్నింగ్ లైటు ఏదీ రాలేదు. సర్వీసు తేదీ తప్పలేదు. ఎక్కడ చూడాలి?

జవాబు: మెల్లగా దిగిందంటే సాధారణంగా దుమ్మో, టైర్లో, బ్రేకులో. ఈ వరుసలో చూసుకుంటూ రండి.

మొదట బ్యాటరీ ఫ్యాన్ ఫిల్టరు. హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరచడానికి ఒక చిన్న ఫ్యాన్ బండి లోపలి గాలినే లాగుతుంది. ఆ గాలి లోపలికి వెళ్లే జాలీ మోడల్‌ను బట్టి వెనక సీటు పక్కన గానీ సీటు కింద గానీ ఉంటుంది, ఎక్కడుందో బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పొదిలి, కనిగిరి వైపు మట్టిరోడ్లలో తిరిగే బండికి అది త్వరగా పూడుకుపోతుంది. అప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది, దాన్ని కాపాడటానికి కంప్యూటరు ఛార్జింగునూ వాడకాన్నీ తగ్గిస్తుంది, ఆ పని ఇంజిన్ మీద పడుతుంది. లైటు వెలగకుండానే మైలేజీ ఇలా జారుతుంది. వెనక సీటు దగ్గర నుంచి ఫ్యాన్ చప్పుడు మునుపటికంటే గట్టిగా వినపడటం దీనికి గుర్తు. జాలీ పైన వ్యాక్యూమ్ పెట్టి దుమ్ము లాగవచ్చు. ఫిల్టరు విప్పడం, లోపల శుభ్రం చేయడం మాత్రం సర్వీసు సెంటర్‌లోనే చేయించండి. నారింజ రంగు తొడుగున్న కేబుళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది.

తర్వాత ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు. షెడ్యూలు ప్రకారం మార్చేది మామూలు రోడ్లకు. మీ దుమ్ములో సగం కాలానికే చూడాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. టైరు లోపలి అంచో బయటి అంచో ఎక్కువ అరిగిందేమో చేత్తో తడిమి చూడండి. తర్వాత బ్రేకులు. హైబ్రిడ్‌లో డిస్కులు తక్కువగా వాడకంలో ఉంటాయి కాబట్టి కాలిపర్ (ప్యాడ్‌ను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పు, మట్టి పట్టి బిగుసుకుంటాయి, ప్యాడ్ డిస్కును కొద్దిగా రాస్తూనే ఉంటుంది. 20 కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా వెళ్లి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రం సెగ కక్కుతుంటే దొంగ అక్కడే ఉన్నట్టు.

ఇంజిన్ ఆయిల్ ఏది పోశారో బిల్లు తీసి చూడండి. ఈ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 వంటి చాలా పలచటి ఆయిల్ పెట్టారు. బయట షెడ్డులో ‘ఎండలకు చిక్కటిది మంచిది’ అని 20డబ్ల్యూ-50 పోస్తే ఊరికే మైలేజీ పోగొట్టుకున్నట్టు. హైబ్రిడ్ ఇంజిన్ రోజులో చాలాసార్లు ఆగి లేస్తుంది, ప్రతిసారీ ఆయిల్ క్షణంలో పైదాకా ఎక్కాలి.

చివరగా కూలెంట్. ఇంజిన్‌కు ఒక డబ్బా, ఇన్వర్టర్‌కు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) వేరే డబ్బా ఉంటాయి. రెండింటి మట్టమూ చల్లటి బండిలో చూడండి. తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయించాలి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, పోస్తే సన్నటి గొట్టాల్లో పేరుకుని ఇన్వర్టర్ వేడెక్కుతుంది. అది బ్యాటరీ కంటే పెద్ద బిల్లు కావచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నా మైలేజీ రాకపోతే సర్వీసు సెంటర్‌లో హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష అడగండి. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, ఏది ముందైతే అది. రిపోర్టు కాగితం తీసుకుని దాచుకోండి.

ప్రశ్న (దర్శి): నెలకు రెండుసార్లు హైదరాబాదు, మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్లు. ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరుగుతాను. స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనాలా, డీజిలా, మామూలు పెట్రోలా? మైల్డ్ హైబ్రిడ్ చవకలో వస్తోంది, అది చాలదా?

జవాబు: మైల్డ్ హైబ్రిడ్‌ను ఈ లెక్కలోంచి తీసేయండి. అందులో ఉన్నది స్టార్టరు, ఆల్టర్నేటరు కలిసిన చిన్న యంత్రం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి లేపడానికి, కదిలేటప్పుడు కాస్త తోడ్పడటానికి పనికొస్తుంది. మోటారు ఒంటరిగా బండిని నడపలేదు. హైవే మీద అది మామూలు పెట్రోలు బండే.

మీ 18,000లో 12,000 హైవే, 6,000 ఊళ్లు అనుకుందాం. హైబ్రిడ్ హైవేలో 20, ఊళ్లో 22 ఇస్తే ఏడాదికి 873 లీటర్లు, 96,000 రూపాయలు. అదే సైజు డీజిలు హైవేలో 18, ఊళ్లో 13 ఇస్తే 1,128 లీటర్లు, 1,09,400 రూపాయలు. ఆటోమేటిక్ పెట్రోలు 16, 12 ఇస్తే 1,250 లీటర్లు, 1,37,500 రూపాయలు. పెట్రోలు బండి కంటే హైబ్రిడ్‌కు రెండు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే అది అయిదేళ్లలో తిరిగొస్తుంది. మొత్తం హైవే మీదే తిరిగేవారైతే ఏడాదికి మిగిలేది 24,750 మాత్రమే, తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు. అప్పుడు డీజిలు ఖర్చు 97,000, హైబ్రిడ్ ఖర్చు 99,000, ఇంచుమించు సమానం.

మా మాట ఇది: మీ తిరుగుడులో ఊళ్ల వాటా మూడో వంతు ఉంది, ఒంగోలు బజార్లు ఉన్నాయి, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఊరూరా తగ్గించుకుంటూ వెళ్లడం ఉంది. హైబ్రిడ్ తీసుకోండి. వారానికి మూడు రోజులు 110లో చెన్నై, బెంగళూరు తిరిగేవారు అడిగి ఉంటే డీజిలు అనే చెప్పేవాళ్లం.

ప్రశ్న (వెంకటాచలం): క్రూజ్ కంట్రోల్ వాడితే మైలేజీ పెరుగుతుందా? ఎకో మోడ్?

జవాబు: నెల్లూరు–ఒంగోలు మధ్య రోడ్డు చదును, క్రూజ్ కంట్రోల్ బాగా పనిచేస్తుంది. దాని అసలు మేలు మీకు తెలియకుండా 90 కాస్తా 105 కాకుండా ఆపడం. ఎత్తుపల్లాలున్న రోడ్డులో మాత్రం అది వేగం పట్టి ఉంచాలని ఎక్కుడులో గట్టిగా తొక్కుతుంది, అక్కడ మీ కాలే మేలు. ఊరి దగ్గర, గేదెలు, ఎదురొచ్చే బైకులు ఉన్నచోట తీసేయండి. ఎకో మోడ్ యాక్సిలరేటర్‌ను మందగింపజేసి ఏసీని కాస్త తగ్గిస్తుంది. నిలకడగా 90లో వెళ్తున్న బండికి దానివల్ల వచ్చే తేడా చాలా తక్కువ.

ప్రశ్న (నాయుడుపేట): చెన్నై వెళ్లేటప్పుడు ఇక్కడే ఫుల్ ట్యాంకు చేయించాలా, తడ దాటాక పోయించాలా?

జవాబు: తమిళనాడులో పెట్రోలు రేటు మనకంటే తక్కువ. చెన్నై చేరడానికి సరిపడా ఉంటే చాలు, ఆరంబాక్కం దాటాకో, తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గరో నింపించుకోండి. హైరైడర్, గ్రాండ్ విటారాల ట్యాంకు 45 లీటర్లు. లీటరుకు ఏడెనిమిది రూపాయలు మిగిలినా ట్యాంకుకు మూడు వందలు. అయితే రిజర్వు గుర్తు వెలిగేదాకా లాగకండి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద కొద్ది దూరం జరుగుతుంది గానీ, అలా బ్యాటరీని అడుక్కి దించేస్తే తర్వాత పెట్రోలు పోసినా ఇంజిన్ లేవకపోవచ్చు, బండిని లారీ మీద తీసుకెళ్లాల్సి వస్తుంది.